ముక్కు మీద గుడ్డ

ఇప్పుడు ఉల్లిపాయల వాసన రావాలి. పాసింజరు తాడేపల్లిగూడెం స్టేషను వదిలి మెల్లగా కదిలే ఈ కాస్త దూరంలో, మార్కెట్టులో దించిన బస్తాల ఘాటు కిటికీలోంచి వచ్చి మొహాన కొట్టాలి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ కొడుతూనే ఉంది. మా పుట్టింట్లో ఉల్లిపాయ తినేవాళ్ళం కాదు, అయినా ఆ వాసన నాదే అనుకునేదాన్ని. తినడానికి వద్దన్నారు గానీ పీల్చడానికి అడ్డమెవరు? ఎదుటి సీట్లో నల్లసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మందుల కంపెనీ ఆయన జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అంటే వాసన వచ్చింది. ఆయనకి వచ్చింది, నాకు రాలేదు. నేను కిటికీ ఊచలకి మొహం ఆనించి గట్టిగా పీల్చాను. చల్లగాలి వచ్చింది, నలుసు ఏదో కంట్లో పడింది, అంతే. ఊరు ఊరంతా నా పక్కనుంచి వెళ్ళిపోతోంది, పలకరించకుండా. ఫరవాలేదు, వెళ్ళనీ. ఇవాళ కాకపోతే రేపు దాన్నీ పట్టుకుంటాను. ఆ నల్లసంచిలో ఏ మందులున్నాయో ఆయన్ని అడగాలనిపించింది. అందులో సగం పేర్లు నాకు తెలుసు. నా ముక్కులో కూర్చున్నవాడు వాటన్నిటినీ మింగి అరిగించుకున్నాడు.

వాడి పేరు సూడోమోనాస్, ఒక సూక్ష్మజీవి. ఏలూరులో నాకు సైనస్ ఆపరేషన్ చేసిన డాక్టరు వెంకట్రాజు గారి చేత మూడుసార్లు చెప్పించుకుని మరీ నేర్చుకున్నాను, శత్రువు పేరు తెలియకుండా తిట్టుకోవడం కుదరదు కదా. ఆపరేషన్ బాగానే జరిగింది. ఏళ్ళ తరబడి నుదుటి వెనక, బుగ్గల వెనక గడ్డకట్టుకుపోయిన దాన్నంతా సన్నటి గొట్టం పంపించి తీసేశారు. ఆ తర్వాత వారం రోజులు నాకు లోకమంతా వాసన వచ్చింది, ఆస్పత్రి ఫినాయిలుతో సహా. ఆ తర్వాత వీడు దిగాడు. ఆకుపచ్చటి చీము, పొద్దున్నే కళ్ళు తెరవనియ్యని పోటు, ఆ వెనకే అన్ని వాసనలూ ఒక్కటొక్కటిగా ఆరిపోవడం. ఇచ్చిన మందు పనిచెయ్యలేదు, మార్చిన మందూ పనిచెయ్యలేదు. చివరికి చీముని పరీక్షకి పంపితే, మాత్రల్లో వీడికి లొంగని మందంటూ మిగల్లేదు, సూదిమందుల్లో ఒకటో రెండో మిగిలాయి అన్నారు. ఆ సూదిమందు గూడెంలో మా అన్నయ్య ఇంటి దగ్గర నర్సింగుహోములో రెండు వారాలు ఎక్కించుకున్నాను, మణికట్టు ఇంకా నల్లగానే ఉంది. ఆ తర్వాత మందు ఆపించి, ముక్కులోంచి మళ్ళీ తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం ఇవాళ చెబుతారు. వాడు పోతే సరి. పోకపోతే నుదురు ఎముక దగ్గర మళ్ళీ తెరవాలి, ఊరుకోవడానికి వీల్లేదు, ఆ ఎముకలో ఉన్న ఖాళీ గదికీ, కంటికీ మెదడుకీ మధ్య ఉన్నది పల్చటి గోడే అని చెప్పారు. వాసన సంగతి అడిగితే మాత్రం, రావచ్చు, రాకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దమ్మా అన్నారు. ఆశ పెట్టుకోక ఏం పెట్టుకుంటాను? అందరూ ఏదో ఒకటి వద్దనేవాళ్ళే నాకు.

బాదంపూడి వెళ్ళిపోయింది. ఉంగుటూరు దగ్గర పడుతోంది. ఇక్కడ రైసుమిల్లుల తవుడు వాసన ఉండాలి, వెచ్చగా, కాస్త తియ్యగా, గొంతు వెనక పొడిపొడిగా తగిలేది. కళ్ళు మూసుకుని కూర్చుంటే ఈ లైనులో ఏ స్టేషను వచ్చిందో చెప్పేదాన్ని, పెళ్ళయిన కొత్తలో పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరుగుతూ ఆయనతో పందెం వేసి గెలిచేదాన్ని కూడా. మా అత్తవారిది భీమడోలులో దిగి కొల్లేటివైపు ఆటోలో వెళ్ళాల్సిన ఊరు. వేణుగోపాలస్వామి గుళ్ళో అర్చకత్వం. మామగారు పట్టాభిరామయ్య గారి చేతుల్లోంచి అది మా ఆయన చేతుల్లోకి వచ్చింది. అత్తగారి చేతుల్లోంచి వంట నా చేతుల్లోకి వచ్చింది. స్వామికి నివేదన మా ఇంట్లోనే వండి, మూతపెట్టి, గుడికి తీసుకెళతారు. కాపురానికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే తలస్నానం చేయించి, మడిచీర కట్టించి, పొయ్యి దగ్గర నిలబెట్టి అత్తగారు నాకు నేర్పిన మొదటి విద్య నోటితో ఊపిరి పీల్చడం. స్వామికి పెట్టకముందు వాసన చూస్తే ఆ వంట ఎంగిలేనమ్మా, ముక్కుతో తిన్నట్టే లెక్క అన్నారు. దండెం మీంచి కర్రతో ఒక తెల్లగుడ్డ తీసి నా ముక్కుకీ నోటికీ చుట్టి వెనకాల ముడివేశారు. ఆవిడా అలాగే కట్టుకునేవారు. ఇద్దరం పొయ్యి దగ్గర దొంగల్లా నిలబడి వండేవాళ్ళం. ఆ మాట అంటే ఆవిడకి నవ్వు వచ్చేది, గుడ్డ వెనకాల బుగ్గలు కదిలేవి. మంచావిడ. నాకు వంటలో ఏ లోటూ చెప్పకుండానే పోయారు.

అయితే ఆ గుడ్డని నేను ఏనాడూ గట్టిగా బిగించి కట్టుకోలేదు. ఇది ఎవరికీ తెలియదు, తెలిసినా నాకు భయం లేదు. అత్తగారు పెరట్లోకి వెళ్ళగానే అంచు కిందికి లాగి పీల్చేదాన్ని. పెసరపప్పు నేతిలో దోరగా వేగుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది, అది ఇంకొక్క క్షణం దాటితే వేరే వాసన అవుతుంది. ఆ మధ్యనున్న క్షణంలో నీళ్ళు పొయ్యాలి. బెల్లంపాకం ఉడుకుతూ ఉడుకుతూ అడుగు పట్టబోయే ముందు కాస్త చేదుగా హెచ్చరిస్తుంది. పచ్చకర్పూరం ఎక్కువైతే గిన్నె దించకముందే ముక్కుకి తెలిసిపోతుంది. ఇవన్నీ గుడ్డ కట్టుకుని తెలుసుకోవాలంటే ఎలా? వాసన నేను చూశాను, రుచి స్వామి చూశాడు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆయన గిన్నె వెనక్కి తోసింది లేదు. పులిహోర రోజున గుళ్ళో జనం రెట్టింపు వచ్చేవారు, మా ఊరి కాపులూ, రాజులూ, కొల్లేటి లంకల్లోంచి పడవల మీద వచ్చేవాళ్ళూ. అదంతా స్వామి మహిమే అనేవారు మామగారు. కాదని నేనన్నానా. కాస్త నా ముక్కు మహిమ కూడా ఉందని నాలో నేను అనుకునేదాన్ని, అంతే. పోయినేడాది సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చేసినప్పుడు బురదా, చచ్చిన చేపలూ కలిసి ఊరి మీద వారాల తరబడి ఒకటే కంపు. ఇల్లంతా అగరొత్తులు వెలిగించుకుని తిట్టుకున్నాం. ఇప్పుడు ఆ కంపైనా సరే ఒక్కసారి కావాలనిపిస్తోంది, అంత దిగజారిపోయాను.

చేబ్రోలు. ప్లాట్‌ఫారం మీద ఒకావిడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది, నిప్పురవ్వలు లేస్తున్నాయి, నాకు అది ఫొటోలో చూసినట్టే ఉంది. అసలు వీడు ఇంత మొండివాడు ఎలా అయ్యాడని డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగారు. ఆపరేషన్ కాగానే ఇచ్చిన క్యాప్సూల్స్ అన్నీ వేసుకున్నారా అన్నారు. వేసుకున్నాను, కానీ మింగలేదు. మామగారు ఏదో పత్రికలో చదివారు, ఆ క్యాప్సూల్ గొట్టం పశువుల ఎముకలు ఉడికించి చేస్తారని. అందుకని రోజూ పీటమీద కూర్చుని, సంధ్యావందనం ఉద్ధరిణలో తేనె పోసి, క్యాప్సూల్ రెండు ముక్కలుగా విప్పి, పొడి అందులో దులిపి, గొట్టాలు దూరంగా పారేసి, నాకు స్వయంగా ఇచ్చేవారు. కూతురికి ఇచ్చినంత ప్రేమగా ఇచ్చేవారు, అది నేను కాదనలేను. అందులో సగం గొట్టానికే అంటుకునేది, కాస్త గాలికి పోయేది, మిగిలింది నాకు. మరి రెండోసారి ఇచ్చిన మాత్రలో అన్నారు. అవి మాత్రలే గనక మింగాను, ఏకాదశినాడు తప్ప. ఏకాదశి అంటే నోట్లో తులసితీర్థం తప్ప ఏదీ పడకూడదు. ద్వాదశి పారణ ఆలస్యమైతే ఆ పూటదీ పోయేది. డాక్టరు గారు కలం కింద పెట్టేశారు. ముక్కు మీద ఏమైనా కడతారా అండీ అని అడిగారు, నా ముక్కు పక్కన గుడ్డ ఒరుసుకున్న గీత చూసి. చెప్పాను. కార్తీకమాసం కదా అండీ, తుఫాను ముసురుకి ఆరదు, ఆరకపోయినా కట్టుకోవాలి, ఇంకోటి కట్టుకుంటే మడి కాదు అన్నాను. 

డాక్టరు గారు మెల్లగా అన్నారు. "చూడండమ్మా, ఈ సూక్ష్మజీవికి తడి అంటే ప్రాణం. మీరు రోజూ పొద్దున్నే దానికి తడిగుడ్డ కప్పి, పొయ్యి దగ్గర వెచ్చగా నిలబెట్టారు. మందు కొంచెం కొంచెం రుచి చూపించి, ఏకాదశికి సెలవిచ్చారు. మందుని ఎలా తట్టుకోవాలో ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించారండీ దానికి." నాకు కోపం రావాలి, నవ్వు వచ్చింది. నవ్వగానే నుదురు పోటెత్తి ఏడుపు వచ్చింది. ఆయన తిడతారేమో అని చూశాను, తిట్టలేదు. కొల్లేటి చుట్టుపక్కల నీళ్ళలో కూడా చెరువుల మందులు కలిసి ఇలాంటివి బలుస్తున్నాయని అనుమానం, తప్పంతా మీ ఒక్కరి మీద పెట్టనులెండి అన్నారు. పెట్టినా నేను పడేదాన్ని కాదు. వంట చేసింది నేను, గుడ్డ కట్టమన్నది నేను కాదు. మందు మింగింది నేను, గొట్టం విప్పింది నేను కాదు. తప్పెవరిదని తేల్చుకుంటూ కూర్చుంటే ఈలోగా వాడు లోపల ఇంకో గది వేసుకుంటాడు. వాడిని ఖాళీ చేయించడం ఎలాగో చెప్పండి అన్నాను.

ఆయన చెప్పింది ఇంటికొచ్చి చెబితే మామగారు సావధానంగా విన్నారు. సూదిమందు రెండు వారాలు, కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ మందూ కలిపి రోజుకి రెండుసార్లు ముక్కు లోపల కడగడం, గుడ్డ కట్టకపోవడం, ఏకాదశికైనా మందు ఆపకపోవడం. విని, చీము తగ్గిందా అమ్మా అన్నారు. బయటికి రావడం తగ్గిందండీ, లోపల ఉందట అన్నాను. వాసనో అన్నారు. తెలియడం లేదండీ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. "తెలియకపోవడమే మంచిదమ్మా. మీ అత్తగారు జన్మంతా గుడ్డ కట్టుకుని సాధించింది నీకు ఊరికే వచ్చింది. స్వామి తన వంటకి తగ్గట్టు నిన్ను దిద్దుకున్నాడు. ఇక ఈ మందులూ సూదులూ ఎందుకు, వరం అనుకో." అంత శాంతంగా ఎవరైనా మనిషి ముక్కు కోసి చేతిలో పెడతారా? ఆయనలో పిసరంత కుళ్ళు లేదు, అదే నాకు మరీ మంట. చెడ్డవాడైతే ఎదురు మాట్లాడి ఊరుకునేదాన్ని. స్వామికి నా ముక్కు కావాలంటే ఆయనే వచ్చి అడగాలి, ఎవరి చేతా కబురు పంపకూడదు. నాకిచ్చినప్పుడు ఎవర్నీ అడగలేదు కదా. ఆ సాయంత్రమే చీరలు నాలుగు సర్దుకుని గూడెం వచ్చేశాను. మా వదిన ఇంట్లో, వాష్‌బేసిన్ మీదికి వంగి, సూదిలేని సిరంజితో ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి నీళ్ళు వచ్చేదాకా కడిగాను. వదిన తలుపు దగ్గర నిలబడి, ఇన్ని ఇంజెక్షన్ల తర్వాత ఉప్పునీళ్ళ వైద్యమా వదినా, ఇదేదో మేమూ చెప్పేవాళ్ళం కదా అని ఆటపట్టించేది. నవ్వనీ. క్యాప్సూల్ ఇస్తే గొట్టంతో సహా మింగాను. ఏకాదశికి చెయ్యి చాపి సూది పొడిపించుకున్నాను, చుక్క చుక్కగా దిగుతుంటే స్వామికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఆయనకేం అభ్యంతరం కనిపించలేదు.

కైకరం దాటి పూళ్ళ వచ్చింది. గుమ్మం దగ్గర గలాటా. ఎవరో నడివయసావిడ పెద్ద బుట్ట నెత్తిమీంచి దింపుతూ, దారి ఇవ్వండి బాబూ అంటోంది. దారి బాగానే ఇచ్చారు, అందరూ ఒకేసారి వెనక్కి జరిగారు. చీరకొంగులు ముక్కుల మీదికి లేచాయి. మందుల కంపెనీ ఆయన సంచితో సహా లేచి నిలబడ్డాడు. ఎండుచేపలు. బుట్ట మీద కప్పిన గోనె కిందనుంచి తోకలు కనిపిస్తున్నాయి. ఆ చివరికి తీసుకెళ్ళమ్మా, ఇక్కడ మనుషులు కూర్చోవాలా వద్దా అని ఒకాయన విసుక్కున్నాడు. ఆవిడ అటు వెళితే అటు వాళ్ళూ అదే మాట. నేను కాళ్ళు వెనక్కి ముడుచుకుని, ఇక్కడ పెట్టమ్మా అన్నాను. ఆవిడ నా మెళ్ళో నల్లపూసలూ, పసుపుతాడూ, నా చీరకట్టూ చూసి తటపటాయించింది.

"మీకు ఇబ్బందండీ అమ్మగారూ, తినని వాళ్ళు కదా."

"నాకు ముక్కు పనిచెయ్యదులే, పెట్టు."

"అయ్యో, అదేంటండీ?"

చెప్పాను. పేరు దానమ్మట, ఏలూరు బజారులో అమ్ముకుంటుందట. బుట్ట నా కాళ్ళకి తగిలేట్టు పెట్టుకుని, పక్కనే కింద కూర్చుంది. ప్రార్థన చేసుకుంటానండీ మీ కోసం అంది. చేసుకో అమ్మా, ఎవరు చేసినా వద్దనను అన్నాను. అందరూ మావైపు చూసి ముక్కులు మూసుకుంటున్నారు. నేను వంగి ఆ గోనె మీదికి మొహం పెట్టి పీల్చాను. లోకంలో ఇంతకంటే గట్టి వాసన ఉండదు, ఇది కూడా నాకు రాలేదంటే ఇంకేది వస్తుంది? గాలి, ఖాళీ గాలి. అప్పటిదాకా బింకంగా ఉన్నదాన్ని, అప్పుడు మాత్రం భయం వేసింది. నిజంగా భయం వేసింది. జన్మంతా ఇంతేనా అనుకున్నాను. పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలియకుండా, వాన పడితే మట్టి తెలియకుండా, పెట్టె తీస్తే అమ్మ చీర తెలియకుండా బతకాలి కామోసు.  సీటు అంచు పట్టుకుని, సరే ఇంతే అయితే ఇంతే, అయినా వాణ్ణి మాత్రం నాలో ఉండనివ్వను, ముక్కు చచ్చినా ఇల్లు వాడికి రాసివ్వను అని పళ్ళు బిగించుకున్నాను.

భీమడోలులో మా ఆయన ఎక్కాడు. కౌండిన్య. పేరు పెట్టి మనసులోనే పిలుస్తాను, బయటికి ఏవండీ అనే. రాత్రే ఫోన్ చేసి చెప్పాడు, నేనూ వస్తాను, నాన్నగారు ఒక మాట చెప్పమన్నారు అని. భుజాన కండువా, చేతిలో ఖద్దరు సంచి, మనిషి చిక్కిపోయాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చి, బుట్ట చూసి, బుట్ట పక్కన నన్ను చూసి, ఆగిపోయాడు. సంచిని పైన సామాన్ల అర మీద, బుట్టకి వీలైనంత దూరంగా జాగ్రత్తగా పెట్టి, ఎదుటి సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు, కండువా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఎలా ఉంది ఉమా?"

"అలాగే ఉందండీ. మావయ్యగారు ఏదో చెప్పమన్నారుగా."

ఆయన పక్కకి చూశాడు. "రిపోర్టు ఎలా వచ్చినా సరే, ఇవాళ్టితో చాలించి ఇంటికి తీసుకురమ్మన్నారు. ధనుర్మాసం వచ్చేస్తోంది. నివేదన నేనే వండుతున్నాను, గుడ్డ కట్టుకుని, అమ్మ చేసినట్టే."

"రిపోర్టులో వాడు ఇంకా ఉన్నాడంటే?"

"చీము రావడం లేదు కదా, ఉంటే ఉంటాడు, అంతా స్వామే చూసుకుంటాడు అని... నేననడం లేదు, ఆయన మాట."

"మోసుకొచ్చింది మీరు కదండీ."

ఆయన కండువా సర్దుకున్నాడు. ఆయన మీద జాలి కూడా వేసింది. తండ్రికీ స్వామికీ మధ్య తేడా చిన్నప్పుడెవరూ ఆయనకి చెప్పలేదు. రైలు భీమడోలు వదిలి ఊపందుకుంది, సామాన్ల అర గడగడలాడుతోంది. వాడు ఉంటే మళ్ళీ తెరిపించుకుంటాను, నుదురు కోయించుకుంటాను, మీ సంతకం అక్కర్లేదు, మా అన్నయ్య పెడతాడు అని చెప్పాలనుకుంటున్నాను, నోరు తెరిచాను కూడా. అప్పుడు ఏదో మాడింది.

ఏదో మాడింది, ఎక్కడో, సన్నగా, నుదుటి వెనకనుంచి దారంలా వచ్చి తెగిపోయింది. కదలకుండా కూర్చున్నాను. డాక్టరు గారు ముందే చెప్పారు, ఒక్కోసారి లేని వాసనలు వస్తాయి, నరం తనంతట తాను కల్పించుకుంటుంది, నమ్మొద్దు అని. అంతకుముందు ఒకసారి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చి ఇల్లంతా వెతికించాను. అందుకని నమ్మలేదు. మళ్ళీ వచ్చింది. చేదుగా, నల్లగా, అడుగున తీపితో. బ్రేకులు కావు, ఇంజను పొగ కాదు. ఆయన్ని అడిగితే నా మనసు నిలపడానికి అవునంటాడు. కిందికి వంగి, దానమ్మా, నీకేమైనా వాసన వస్తోందా అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది, అంత బుట్ట పక్కన పెట్టుకుని ఆ ప్రశ్నేమిటని. తర్వాత నా మొహం చూసి, లేచి నిలబడి, తల పైకెత్తి ఇటూ అటూ పీల్చింది.

"మాడు వాసనండీ. బెల్లం మాడింది. ఆ పైన సంచీలోంచండీ, అయ్యగారిది."

"సంచిలో ఏముందండీ?" అన్నాను. 

"ప్రసాదం," అన్నాడాయన. "చక్కెరపొంగలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నీ నోట్లో వేద్దామని."

"నివేదన అయిందా?"

"అయింది."

అయితే ఇక నన్ను ఎవరూ ఆపలేరు. లేచి, కుదుపుకి తూలుతూ, సంచి నేనే దింపాను. గిన్నె మూత పక్కకి జరిగి ఉంది. తీసి, అందరూ చూస్తుండగా, ముక్కు ఆ గిన్నెలో పెట్టాను. మాడు. అబ్బ, ఎంత మాడు. నెయ్యి తెలియడం లేదు, యాలకులు తెలియడం లేదు, పచ్చకర్పూరం ఉందో లేదో తెలియడం లేదు, అడుగంటిన బెల్లం ఒక్కటే నిండుగా, నిజంగా, నా తలలోకి వచ్చి కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. ఆనందమే అది, దాచుకోవలసిన అవసరం నాకు లేదు. ఆయన కంగారుపడి, ఏమైంది ఏమైంది అంటున్నాడు.

"అడుగంటిందండీ."

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక సీట్లో కూర్చుండిపోయాడు, బుట్ట పక్కనే.

"నీకు తెలిసిందా?"

"తెలిసింది. ఎన్నాళ్ళనుంచి మాడుస్తున్నారు?"

"నువ్వు వెళ్ళినప్పటినుంచీ," అన్నాడు తల వంచుకుని. "గుడ్డ కట్టుకుంటే ఏమీ తెలియడం లేదు ఉమా. నివేదన అయ్యాక నోట్లో పెట్టుకుంటే అప్పుడు తెలుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. ప్రసాదానికి వంక పెట్టకూడదు కదా, అందరూ కళ్ళకద్దుకుని తినేసి వెళుతున్నారు."

"మావయ్యగారో?"

"కళ్ళకద్దుకుని పక్కన పెట్టేస్తున్నారు."

నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఊరందరూ వంక పెట్టకుండా మింగుతున్నారు, మామగారు పక్కన పెడుతున్నారు, స్వామికి పక్కన పెట్టుకునే వీలు కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆయన అంత మాడు తిని ఊరుకున్నాడు. వరం అట. నవ్వుతుంటే నుదురు పోటెత్తలేదు, అది కూడా అప్పుడే గమనించాను. లోపల వాడు చచ్చాడో నక్కాడో ఇంకా తెలియదు, అది డాక్టరు గారు చెప్పాలి. బతికి ఉంటే ఇంకో మందు వెతుకుతారు, లేదా తెరుస్తారు, నేను పడుకుంటాను. కానీ నేనెక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను. అది నాకు తెలిసిపోయింది.

"ఏవండీ, నేను ఇన్నేళ్ళూ వాసన చూసే వండాను," అన్నాను. దానమ్మ వింటోంది, మందుల కంపెనీ ఆయన వింటున్నాడు, విననీ. "గుడ్డ కిందికి లాగి, రోజూ. ముక్కుతో తినడమే అయితే తిన్నాను. మావయ్యగారికి అలాగే చెప్పండి. వైద్యం పూర్తయ్యాక వస్తాను, ధనుర్మాసం మధ్యలో అయినా సరే. మందు ఏకాదశికి ఆపను, గొట్టం విప్పను, గుడ్డ కట్టను. ఆ మూడూ కుదరకపోతే మీరే వండుకోండి, స్వామి ఓపికపట్టినన్నాళ్ళు."

 దెందులూరు పొలాలు వెనక్కి పోతున్నాయి. "చెబుతాను," అన్నాడు చివరికి. ఆయన తండ్రికి ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పడం నాకు ఊహకి అందలేదు గానీ, చెబుతాను అన్న గొంతు మాత్రం నాకు కొత్తగా వినిపించింది. తర్వాత గిన్నెలోంచి చిటికెడు తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, నావైపు చూసి నవ్వాడు, పందెంలో ఓడిపోయే రోజుల్లో నవ్వినట్టు. నేనూ ఇంత తీసుకుని తిన్నాను, దానమ్మ చేతిలోనూ పెట్టాను. ఆవిడ కొంగులో ముడేసుకుంది, తర్వాత తింటానండీ అని. ఎప్పుడు తింటుందో నేనడగలేదు.

ఏలూరు దగ్గర పడి రైలు నెమ్మదించింది. జనం గుమ్మం వైపు జరుగుతుంటే గాలి ఆగింది. అప్పుడు, మాడు వెనకనుంచి, ముందు అనుమానంగా, తర్వాత ఉప్పగా, తర్వాత నిక్కచ్చిగా, ఇంకొకటి వచ్చింది. ఎండుచేపలు.  మా వంశంలో ఏ ఆడదీ ఇంత దగ్గరగా కూర్చుని ఇంత నిండుగా పీల్చి ఉండదు. నా మొహం మారడం దానమ్మ కనిపెట్టింది, బుట్ట తీసేస్తానండీ, మీకిప్పుడు తెలుస్తోంది కదా అంటూ లేవబోయింది. స్టేషను వచ్చేదాకా ఉండనివ్వమ్మా అన్నాను. ఆయనా చూశాడు. భుజం మీది కండువా తీసి, ముక్కుకి అడ్డం పెట్టుకోమని నా చేతికిచ్చాడు. తీసుకున్నాను. నాలుగు మడతలు పెట్టి, పొంగలిగిన్నె మూత మళ్ళీ జరగకుండా చుట్టూ తిప్పి, గట్టిగా ముడివేశాను.